సెల్ఫ్ కొడితే గర్రుమంటున్నది, ఇంజిన్ తిరుగుతలేదు: ఫ్లైవీల్ రింగు మార్చాల్నా?

ఎడమకాలువ · మిర్యాలగూడ · ఆదివారం రాత్రి 9:10

అన్నలకు నమస్తే. మాది 3 సిలిండర్ల 35 హెచ్‌పీ ట్రాక్టర్, 2007 మోడల్. కంపెనీ పేరు రాస్తలేను, తప్పు బండిది కాదు, వాడుకున్న మాది. నెల సంది సెల్ఫ్ కొడితే ఒక్కోపారి మంచిగ స్టార్ట్ అయితది, ఒక్కోపారి గర్రుమని సప్పుడు తప్ప ఇంజిన్ కదలది. అప్పుడు గేరేసి బండిని జానెడు ముందటికి నూకి మళ్ల కొడితే టక్కున అందుకుంటది. బ్యాటరీ కొత్తది.

మా ఊరి మెకానిక్ సెల్ఫ్ మోటారు మార్చుమంటుండు. ఇంకో ఆయన ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువు చక్రం) చుట్టూ ఉండే పళ్ళ రింగు పోయింది, ట్రాక్టర్‌ను రెండు తునకలు చెయ్యాలె అంటుండు. ఇంకో మూడు వారాలల్ల కాలువకు నీళ్లిడుస్తరు, దమ్ముకు దిగాలె. ఏది నిజం?

లేత్ షెడ్ · తెనాలి · ఆదివారం రాత్రి 9:48

జవాబు మీ ప్రశ్నలోనే ఉందండి. జానెడు నెడితే అందుకుంటోందంటే రింగు తిరిగి మంచి పళ్ళు సెల్ఫ్ ఎదురుగా వచ్చాయన్నమాట. మోటారో, దాని మీదుండే సోలినాయిడ్ స్విచ్చో పాడైతే బండి నెట్టినా నెట్టకపోయినా ఒకేలా ఏడుస్తుంది.

అయినా నా మాట మీద ట్రాక్టర్ విడదీయకండి. ముందు బ్యాటరీ ఎర్త్ వైరు తీసేసి సెల్ఫ్ మోటారు ఒక్కటే విప్పండి. ఆ కంతలోంచి టార్చి వేస్తే రింగు పళ్ళు కనపడతాయి. స్టాప్ రాడ్ లాగి ఉంచి, న్యూట్రల్‌లో పెట్టి, ముందు పుల్లీ నట్టుకి పానా వేసి ఇంజిన్‌ని నెమ్మదిగా ఒక పూర్తి చుట్టు తిప్పండి. అరిగిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. ఎన్నిచోట్ల అరిగిందో వచ్చి చెప్పండి. నేను ఇప్పుడే చెప్పగలను, కానీ చెప్పను.

ఎడమకాలువ · సోమవారం మధ్యాహ్నం 1:30

విప్పిన అన్నా. మూడు చోట్ల అరిగింది. ఒక్కో చోట ఎనిమిది, తొమ్మిది పళ్ళు. అంచులు కొడవలి లెక్క సన్నబడ్డయ్, రెండు పళ్ళైతే సగానికి ఇరిగినయ్. మిగతా పళ్ళు కొత్తయాటి లెక్క మెరుస్తున్నయ్. మూడే ఎందుకు?

లేత్ షెడ్ · సోమవారం మధ్యాహ్నం 2:05

మూడని నిన్ననే కాగితం మీద రాసిపెట్టుకున్నాను. ఇంజిన్ ఆపినప్పుడు ఎక్కడ పడితే అక్కడ ఆగదండి. ఏదో ఒక సిలిండర్లో కంప్రెషన్ ఎదురు తన్నుతుంది, దాన్ని దాటలేక కొంచెం వెనక్కి జారి నిలబడుతుంది. మీ మూడు సిలిండర్ల ఇంజిన్లో 240 డిగ్రీలకో కంప్రెషన్. రెండు చుట్లలో మూడుసార్లు. ఫ్లైవీల్ మీద చూస్తే 120 డిగ్రీల ఎడంలో మూడు చోట్లు. ప్రతి పొద్దునా సెల్ఫ్ పినియన్, అంటే మోటారు కొసనుండే చిన్న పళ్ళచక్రం, వచ్చి గుద్దేది ఆ మూడు చోట్లలోనే. 17 ఏళ్ళకు పైగా ఆ పాతిక పళ్ళే మొత్తం దెబ్బ తిన్నాయి, మిగతావి ఊరికే తిరిగాయి.

నాలుగు సిలిండర్లైతే రెండు చోట్ల, ఎదురెదురుగా. సింగిల్ సిలిండరైతే ఒకే చోట.

పాత అంబాసిడర్ · సికింద్రాబాద్ · సోమవారం సాయంత్రం 6:20

ఈ మాట వింటే పాతరోజులు గుర్తొచ్చాయి. మా నాన్నగారి అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. రింగు రెండు చోట్ల అరిగితే కొత్తది కొనేవాళ్ళం కాదు. ఫ్లైవీల్ దింపి, పాత రింగునే వేడిచేసి ఊడదీసి, పావు చుట్టు జరిపి మళ్ళీ ఎక్కించేవాళ్ళు. అరిగిన పళ్ళు ఇంజిన్ ఆగని చోటికి పోతాయి, మంచి పళ్ళు సెల్ఫ్ ముందుకొస్తాయి. ఇంకో పదేళ్ళు. మీదైతే పావు కాదు, 60 డిగ్రీలు జరపాలి. రింగు డబ్బులు మిగులుతాయి కదా.

ఆ కారుకి ముందు నుంచి హ్యాండిల్ దూర్చి తిప్పే ఏర్పాటు కూడా ఉండేది. రింగు పోయినా ఇంటికి చేరేవాళ్ళం. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వేసి పట్టుకున్నవాడు మాత్రం ఒక్కసారే పట్టుకునేవాడు.

వెల్డింగ్‌పొగ · ఖమ్మం · సోమవారం రాత్రి 8:00

ఇంత కథెందుకు భయ్యా. ట్రాక్టర్ విడదీసినంక అరిగిన పళ్ళ మీద ఆర్క్ వెల్డింగ్ నింపి ఫైలుతో పళ్ళు దించితే అయిపోయె. మా దగ్గర ఎంతోమందికి చేసినం.

లేత్ షెడ్ · సోమవారం రాత్రి 8:31

చేసినవాళ్ళు ఎంతోమంది ఉంటారు, తిరిగొచ్చినవాళ్ళు కూడా. రింగు పళ్ళకి పైన గట్టిదనం పోసి ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఆ పన్నూ దాని పక్క పళ్ళూ మెత్తబడతాయి. మీరు నింపిన లోహం మామూలు రాడ్డుది, సెల్ఫ్ పినియన్ దాన్ని మైనంలా కోసేస్తుంది. చేత్తో రుద్దిన పన్ను ఆకారం మిగతావాటితో కలవక కొత్త బెండిక్స్‌ని (సెల్ఫ్‌లో పినియన్ ఉండే భాగం) కూడా తింటుంది. పైగా కింద ఉన్నది పోత ఇనుము ఫ్లైవీల్. దాని పక్కన ఆర్క్ కొట్టి ఎక్కడైనా పగులు తెప్పిస్తే, నిమిషానికి రెండు వేల చుట్లు తిరిగే పాతిక ముప్పై కిలోల చక్రమది. డ్రైవర్ కాళ్ళ దగ్గరే తిరుగుతుంది.

అంబాసిడర్ గారి పద్ధతి మాత్రం సరైనదే. కానీ ఎడమకాలువ గారూ, మీకు రెండు పళ్ళు విరిగాయన్నారు. విరిగిన పన్ను అడుగున కంటికి కనపడని పగులు ఉండొచ్చు. రింగు ధర కన్నా ట్రాక్టర్ విడదీసే కూలీ ఎక్కువ. మళ్ళీ విప్పే పని పెట్టుకోకుండా కొత్తది వేయండి.

పాత అంబాసిడర్ · సోమవారం రాత్రి 8:50

విరిగాయన్న ముక్క చూసుకోలేదు. అయితే కొత్తదే.

కువైట్‌లో కడపోడు · మంగళవారం తెల్లారి 4:15

నేను ఈడ జేసీబీలు, జనరేటర్లు చూసే షెడ్డులో పన్జేస్తాండా. అన్నా, ఊరికే రింగు మార్చి మూసేస్తివంటే మళ్లా ఇదే కత. రింగెందుకు పోయిందో అది సూడు ముందు. నీ సెల్ఫ్ మోటారు చేతిలోనే ఉండాది కదా, పినియన్ను పట్టుకొని అటూ ఇటూ ఊపు. లడలడ అంటాందా? అంటే ముక్కు దగ్గర ఇరుసును పట్టుకొనుండే బుష్ పోయినట్టే. బుష్ పోతే ఇరుసు వాలతాది, పినియన్ పళ్ళు రింగులోకి సగమే దిగుతాయి. కొసలమీద నిలబడి ఇంజినంతా లాగాల. ఎన్ని దినాలు నిలుస్తాది?

ఇంకోటి. మీది మాగాణి సేద్యం. దమ్ములో బురదనీళ్ళు క్లచ్ హౌసింగ్‌లోకి పోతాయి. హౌసింగ్ అడుగున చిన్న బెజ్జం, దాంట్లో వదులుగా ఆడే కాటర్ పిన్ను ఉంటాది. ఆ పిన్ను ఆడతాంటేనే నీళ్ళు కారిపోతాయి. మట్టితో పూడిందంటే లోపలుండేది గంధం అరగదీసే సానరాయే.

ఎడమకాలువ · మంగళవారం ఉదయం 7:40

అన్నా నువ్వు చూసినట్టే చెప్పినవ్. పినియన్ లడలడ ఊగుతున్నది. కింద బెజ్జమైతే ఎక్కడున్నదో దేవులాడి స్క్రూడ్రైవర్‌తోని పొడిస్తే ఎండిన నల్లమట్టి పిడికెడు రాలింది. పిన్ను లేనే లేదు.

రింగు కొత్తది తెస్త, బుష్ కొత్తది ఏపిస్త. రేపు ట్రాక్టర్ విడదీస్తున్నం.

లేత్ షెడ్ · మంగళవారం ఉదయం 8:15

రేపటికి ఒక్కమాట, మిగతావన్నీ మీ మెకానిక్‌కి తెలిసే ఉంటాయి. ముందు ఇరుసు మధ్యలో పిన్ను మీద ఊగుతుంది కదా. వెనకభాగం విడిపోగానే ఇంజిన్ ఆ పిన్ను మీద పక్కకి ఒరిగిపోతుంది. విడదీయకముందే ఇరుసుకీ దాని పైనున్న బ్రాకెట్‌కీ మధ్య రెండువైపులా చెక్క ఆప్పులు (సందులో దిగ్గొట్టే చీలికలు) బిగించి కొట్టండి. ఇంజిన్ కింద జాకీ ఒక్కదాన్నే నమ్మకండి, దుంగలు పెట్టండి. కిందకి మనిషి దూరకూడదు.

ఫ్లైవీల్ దించే ముందు క్రాంక్ అంచుకీ ఫ్లైవీల్‌కీ కలిపి ఒక గీత కొట్టుకోండి. రింగు ఎక్కడ కూర్చున్నా పర్వాలేదు గానీ ఫ్లైవీల్ మాత్రం దాని చోటే దానికి. టైమింగు గుర్తు దానిమీదే ఉంటుంది.

కొత్తగా నేర్చుకుంటున్నా · విశాఖపట్నం · మంగళవారం ఉదయం 10:02

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నా డీజిల్ కారుకి కూడా ఇదే శబ్దం. డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ అంట. ఇలాగే వేడిచేసి రింగు మార్చుకోవచ్చా?

కువైట్‌లో కడపోడు · మంగళవారం ఉదయం 10:20

వద్దు తమ్ముడూ. దాని లోపల స్ప్రింగులు, గ్రీసు ఉంటాయి. వేడి తగిలిందా గ్రీసు కరిగి కారిపోతాది. ఫ్లైవీల్ మొత్తంగా మార్చేదే. ఆటోమేటిక్ బండ్లలో ఉండే పల్చటి రేకు పళ్ళేనికి రింగు వెల్డింగ్ చేసే వస్తాది, అదీ మొత్తంగానే. ఇంకా కొన్ని ఇంజిన్లలో క్రాంక్ సెన్సారు ఫ్లైవీల్ మీదుండే గుర్తుల్నే చదువుకుంటాది. తేడా ఫ్లైవీల్ పడితే సెల్ఫ్ బాగా తిరుగుతాది, బండి మాత్రం స్టార్ట్ కాదు. నీకోసం వేరే చర్చ పెట్టు, ఈడ ట్రాక్టర్ నడవనీ.

ఎడమకాలువ · బుధవారం రాత్రి 9:30

పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదకొండింటికి రెండు ముక్కలైంది. ఆప్పులు తుమ్మచెక్కయి కొట్టినం. ఫ్లైవీల్ దింపినం. లోపల క్లచ్ ప్లేటు కూడా రివిట్ల దాకా అరిగిపోయింది, అదీ మారుస్తున్నం. క్రాంక్ వెనక ఆయిల్ సీలు చెమ్మగున్నది, అదీ మార్చుమన్న.

పాత రింగు కొయ్యాల్నా, వేడిచేసి తియ్యాల్నా?

లేత్ షెడ్ · బుధవారం రాత్రి 9:55

మళ్ళీ వాడేదైతే వేడిచేయాలి. పారేసేదే కాబట్టి చీల్చేయండి. పన్ను మీద డ్రిల్ దిగదు, గట్టిది. రెండు పళ్ళ మధ్య లోయకి నేరుగా కింద, రింగు పక్క ముఖం మీద 5 మి.మీ. బిట్‌తో బెజ్జం వేయండి. అక్కడ ఒళ్ళు మెత్తగానే ఉంటుంది. బిట్ రింగుని దాటి ఫ్లైవీల్‌కి గీత పెట్టకూడదు, రింగు కూర్చునే గట్టు అదే. తర్వాత ఆ లోయలో ఉలి పెట్టి ఒక్క దెబ్బ. రింగు లోపల్లోపల బిగుసుకుని ఉంటుంది, తెగగానే టప్పున ఎగురుతుంది. పైన తడి గోనెసంచి కప్పండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. పిల్లల్ని దూరంగా పంపించండి.

ఎడమకాలువ · గురువారం మధ్యాహ్నం 12:15

తెగింది! తుపాకీ పేలినట్టు సప్పుడైంది. గోనెసంచి లేకుంటే నా మోకాలు పోయేది.

షాపుల రెండు రింగులు చూపిచ్చిండు, రెండూ మా బండియే అన్నడు. కూసొని లెక్కవెట్టిన. పాతదానికి 110 పళ్ళు. ఒకదానికి 110, ఇంకోదానికి 113. 110ది తెచ్చిన. వెర్నియర్‌తోని కొలిచిన: ఫ్లైవీల్ గట్టు 308.45 మి.మీ., కొత్త రింగు లోపల 308.00. అరె, రింగే చిన్నగున్నది, ఎట్ల ఎక్కుతది? తప్పు రింగిచ్చిండా?

పాత అంబాసిడర్ · గురువారం మధ్యాహ్నం 12:40

సరైన రింగే. బోల్టులు లేకుండా అది నిలిచేది ఆ అర మిల్లీమీటరు బిగుతుతోనే. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించడం చూశారా? పిడకల మంటలో పట్టాని ఎర్రగా కాల్చి, చెక్క చక్రం మీద దించి, నీళ్ళు పోస్తే చుట్టూ బిగుసుకునేది. అదే పని ఇది. మన తాతలనాటి వడ్రంగి, కమ్మరి ఇద్దరికీ తెలిసిన విద్య.

లేత్ షెడ్ · గురువారం మధ్యాహ్నం 1:10

అదే పని, రెండు తేడాలతో. ఎర్రగా కాల్చకూడదు, నీళ్ళు పోయకూడదు.

లెక్క చూడండి. ఉక్కు ఒక డిగ్రీకి మీటరుకి సుమారు 0.0115 మి.మీ. సాగుతుంది. మీ రింగు 308 మి.మీ. మామూలు 30 డిగ్రీల నుంచి 230కి తీసుకెళ్తే 0.7 మి.మీ. సాగుతుంది. బిగుతు 0.45 పోను పావు మిల్లీమీటరు వదులు మిగులుతుంది. అది చాలు, తడుముకోకుండా జారుతుంది. 180 దగ్గర ఆగితే మిగిలేది 0.08. మధ్యలో ఇరుక్కుంటుంది.

పైకి ఎంతదాకా? ఇనుము రంగే థర్మామీటరు. ఒకచోట గరుకు కాగితంతో తళతళా రుద్దండి. 210, 220 దగ్గర లేత గడ్డిరంగు, 240 దగ్గర ముదురు గడ్డిరంగు, 260 దగ్గర గోధుమ, 300కి నీలం. గడ్డిరంగు దగ్గర ఆపేయండి. నీలం వచ్చిందంటే పళ్ళ గట్టిదనం పోయినట్టే, ఆ రింగు తీసి గుమ్మానికి కట్టుకోండి. టంకం తీగ ఉంటే రింగుకి తాకించండి, అది కరిగితే 190 దాటినట్టు.

గ్యాస్ కటింగ్ మంటతో ఒకేచోట కాల్చేవాళ్ళని దగ్గరికి రానివ్వకండి. ఒవెన్ దొరికితే అంతకన్నా మంచిది లేదు.

కువైట్‌లో కడపోడు · గురువారం మధ్యాహ్నం 2:00

చాంఫర్ మర్చిపోవద్దు. రింగు పళ్ళకు ఒకపక్క అంచులు ఏటవాలుగా చెక్కి ఉంటాయి. సెల్ఫ్ పినియన్ ఏ పక్కనుంచి వచ్చి దూరుతాదో ఆ పక్కకే ఉండాల చెక్కు. మా షెడ్డులో ఒకడు తిప్పి ఎక్కించినాడు, మళ్లా మొదటికి. పాత రింగు ముక్క పారేయొద్దు, పక్కన పెట్టుకొని సూసుకో.

ఎడమకాలువ · గురువారం రాత్రి 11:20

బేకరీ దోస్తు ఉన్నడు. బడిల నాతోని సదువుకున్నడు. రాత్రి బన్నుల పని అయిపోయినంక ఒవెన్ ఇస్తనన్నడు. రింగును సర్ఫుతోని కడిగి ఆరబెట్టి తీస్కపోయిన. 230కి పెట్టి ముప్పావుగంట ఉంచినం. తీసి, గోనెసంచిల చుట్టి, బైక్ మీద మా షెడ్డుకు తెచ్చిన. రెండు కిలోమీటర్లే.

సగం ఎక్కి ఆగింది. ఒకవైపు కూసున్నది, ఇంకోవైపు చిటికెనవేలు సందు. సుత్తితో కొట్టబోతే మా బాపు ఆపిండు. ఇప్పుడేం జెయ్యాలె? చెయ్యి వణుకుతున్నది.

లేత్ షెడ్ · గురువారం రాత్రి 11:26

మేలుకునే ఉన్నాను. బాపుగారికి నా నమస్కారం. పళ్ళ మీద సుత్తి వేయకండి.

రింగు ఇంకా వెచ్చగా ఉన్నప్పుడే ఫ్లైవీల్‌ని తిప్పిపెట్టి, రెండు చెక్కల మీద ఎత్తి ఉంచి, వెనకనుంచి ఇత్తడి కడ్డీతో చుట్టూ కొంచెం కొంచెంగా కొడుతూ బయటికి తీయండి. ఎక్కినవైపు ముందు. వదలకపోతే బ్లో ల్యాంప్ మంటని రింగు మీద మాత్రమే, ఒకచోట ఆగకుండా చుట్టూ తిప్పుతూ వేడిచేయండి.

ఎడమకాలువ · శుక్రవారం ఉదయం 6:30

పన్నెండున్నరకు ఊడొచ్చింది. రింగు బాగనే ఉన్నది, గట్టు మీద సన్న గీత పడితే నూనెరాయితోని రుద్దిన. రింగు బైక్ మీద చల్లారిందని సమజైంది.

పాత అంబాసిడర్ · శుక్రవారం ఉదయం 7:15

మరి ఫ్లైవీల్‌నే బేకరీకి తీసుకెళ్ళండి.

ఎడమకాలువ · శనివారం ఉదయం 8:45

అంబాసిడర్ సారు చెప్పినట్టే చేసినం. ఫ్లైవీల్‌ను నిన్న పొద్దంత ఐస్‌క్రీం ఫ్రీజర్ల వెట్టిన (అది కూడా అదే దోస్తుది, వానికి నేను ఈ జన్మల బాకీ). బేకరీ గచ్చు మీద రెండు మట్టం చెక్కలేసి ఫ్లైవీల్‌ను పండబెట్టి, గట్టును గుడ్డతోని తడి లేకుంట తుడిచినం. చాంఫర్ ఏ దిక్కో సుద్దతోని బాణం గీసిన. ఒవెన్‌ల 235. రింగు మీద రుద్దినచోట గడ్డిరంగు మంచిగ అగుపడ్డది. తోలు గ్లౌజులేసుకొని ఇద్దరం చెరోదిక్కు పట్టి తీసి, మూడడుగులేసి దించినం. టక్. అంతే. దానంతటదే జారి కూసున్నది, ఇత్తడి కడ్డీ అక్కరనే పడలె. నా గుండె ఇంకా కొట్టుకుంటనే ఉన్నది, పని అయిపోయింది.

గంతలనే మా బాపు బిందెతోని నీళ్ళు వట్టుకొచ్చిండు. బండి పట్టాకు పోసినట్టు పోస్తడంట. ఉరికి ఆపిన. మీరు ముందు చెప్పకుంటే నేనే పోసేటోన్ని. వంట గుడ్డ సుత తడిది వెయ్యలె, ఊరికెనే గాలికి ఆరనిచ్చినం.

చల్లారినంక సందు కొలిచే 0.10 మి.మీ. ఫీలర్ రేకు చుట్టూ ఎక్కడ దూరుతదో చూసిన, ఎక్కడా పోలె.

కువైట్‌లో కడపోడు · శనివారం ఉదయం 9:30

శభాష్ అన్నా. బిగించేటప్పుడు ఫ్లైవీల్ కూర్చునే ముఖం శుభ్రంగా తుడువు. ఒక్క మట్టిరవ్వ ఉన్నా చక్రం వంకరగా తిరుగుతాది. బోల్టులు ఎదురెదురుగా, మ్యానువల్‌లో ఉండే టార్క్‌కే, కొత్త లాక్ ప్లేట్లతో. చక్రం ఎంత వంకర తిరుగుతాందో చూపే డయల్ గేజు ఎవరన్నా ఇస్తే పెట్టి సూడు. క్లచ్ ప్లేటు మధ్యకు వచ్చేదానికి పాత షాఫ్టు ముక్క వాడితే ట్రాక్టర్ కలిపేటప్పుడు తంటాలుండవు.

వెల్డింగ్‌పొగ · శనివారం ఉదయం 10:10

రింగు జారకుండ నాలుగు చోట్ల టాకా వెల్డింగ్ వేస్తే భద్రం కదా? ఇదన్న ఒప్పుకోండ్రి.

లేత్ షెడ్ · శనివారం ఉదయం 10:14

ఒప్పుకోను.

ఎడమకాలువ · మంగళవారం సాయంత్రం 5:50

బండి ఆదివారం కలిపినం. మా దిక్కు లేత్ ఆయన దగ్గర డయల్ గేజు దొరికింది, రింగు ముఖం మీద 0.15 మి.మీ. కన్నా ఎక్కువ ఆడలె. సెల్ఫ్‌కు కొత్త బుష్, కొత్త బెండిక్స్. మూడు రోజుల్ల ఇరవైపార్ల పైనే స్టార్ట్ చేసిన, కావాల్ననే ఆపి ఆపి కొట్టిన. ప్రతిపారీ ఒకటే సప్పుడు. డ్రైవర్‌కు చెప్పిన, నడుస్తున్న ఇంజిన్ మీద మళ్ల తాళం తిప్పితే జీతం కట్ అని. కింద బెజ్జానికి కాటర్ పిన్ను వెట్టిన, చేతితోని తాకితే ఆడుతున్నది. దమ్ము అయినంక రోజూ అది చూసుడు నా పని.

బేకరీల మాత్రం రెండు రోజులు బన్నులు ఇనుము వాసన ఒచ్చినయంట. గిరాకీలు ఏమనలేదు అంటుండు. నాకైతే నమ్మబుద్ధి కాలె, పోయి ఒవెన్ మొత్తం నేనే కడిగిచ్చిన.

కొత్తగా నేర్చుకుంటున్నా · మంగళవారం సాయంత్రం 6:30

అన్నా, ఆ చీల్చిన పాత రింగు పారేశారా? పళ్ళ అరుగుదల ఫొటో పెడితే మాలాంటోళ్ళకి పనికొస్తుంది.

ఎడమకాలువ · మంగళవారం రాత్రి 8:05

పారెయ్యలె. మా అమ్మ తీస్కపోయి కొట్టంల నీళ్ళకుండ కింద చుట్టకుదురు లెక్క వెట్టింది. కుండ కదలకుంట మంచిగ కూసున్నదంట. తియ్యనిస్తలేదు. రేపు పొద్దున కుండ కడిగేటప్పుడు ఫొటో తీస్త.